స్లాబ్ ముందర స్పీకర్ వైర్ల సంగతి: 0.75 స్క్వేర్ ఎంఎం సరిపోతదా, 2.5 కావాల్నా?

మిర్యాలగూడ_హాలు

అందరికీ నమస్తే. మిర్యాలగూడల ఇల్లు పని నడుస్తున్నది, వచ్చే వారం స్లాబ్. హాలు 16×22 ఫీట్లు, అండ్ల 5.1 (అయిదు స్పీకర్లు, బాస్‌కు ఒక సబ్‌వూఫర్) పెట్టాలె. ఏవీఆర్ (స్పీకర్లు నడిపే ఆంప్లిఫయరు పెట్టె) టీవీ కింద అల్మారాల ఉంటది. స్పీకర్లు అయిదూ 6 ఓములవి (ఓము అంటే కరెంటుకు అడ్డు కొలత). సబ్‌వూఫర్‌ల దాని ఆంప్ దానికే ఉన్నది. గోడ ఎక్కి స్లాబ్‌ల నుంచి మళ్ల గోడ దిగేటట్టు పైపు దారి టేపుతోని కొలిస్తే ఇట్లొచ్చింది: ముందరి ఎడమ 4 మీటర్లు, ముందరి కుడి 5, సెంటర్ 2, వెనక ఎడమ 11, వెనక కుడి 16, సబ్ 6.

ఎలక్ట్రిషన్ 23/76 ట్విన్ ఫ్లాట్ వైరు చాలంటుండు. షాపాయన ఆక్సిజన్ ఫ్రీ వైరు తప్ప వేరేది పెడితే సౌండ్ చెడిపోతదంటుండు, దాని రేటు చూస్తే భయమైతున్నది. ఆన్‌లైన్ల "14 గేజ్" అని 100 మీటర్ల కట్ట సగం రేటుకే కనిపిస్తున్నది. ఏది కొనాలె? ఫ్యాను, లైటు పోయే పైపులల్లనే ఇది కూడా గుంజితే ఏమన్నా అయితదా? వెనక ఎడమ 11, కుడి 16 గదా, రెండూ 16 మీటర్లు సమానంగ వెయ్యాల్నా?

పాలమూరు_ఓమ్‌మీటర్

తమ్ముడూ, బ్రాండు పక్కన పెట్టి ముందు లెక్క చూద్దాం. కరెంటు ఆంప్ నుంచి స్పీకరుకు పోవాలె, తిరిగి రావాలె. అంటే 16 మీటర్ల దూరానికి 32 మీటర్ల రాగి. పోగుల రాగి వైరుకు కిలోమీటరుకు ఎన్ని ఓములు దాటొద్దో స్టాండర్డ్‌లనే ఉంటది: 0.75 స్క్వేర్ ఎంఎంకు (రాగి కోసిన ముఖం వైశాల్యం) 26, 1కి 19.5, 1.5కు 13.3, 2.5కు 7.98, 4కు 4.95. రానుపోను కలిపి వైరు ఓములు స్పీకర్ ఓములల్ల 5 శాతం దాటకుండ చూసుకోవాలె. నీ 6 ఓముల స్పీకరుకు ఆ హద్దు 0.3 ఓము.

23/76 అంటే 23 పోగులు, ఒక్కో పోగు మందం అంగుళంల పదివేల వంతులు 76, అంటే 0.193 ఎంఎం. మొత్తం కలిపితే 0.67 స్క్వేర్ ఎంఎం. వెనక కుడి స్పీకరుకు ఇది వేస్తే వైరే దగ్గర దగ్గర 0.9 ఓము తింటది. 15 శాతం! అదే రకంల 40/76 తీసుకుంటే 1.17 స్క్వేర్, 0.53 ఓము. 1.5 వేస్తే 0.43. 2.5 వేస్తే 0.26, ఇది హద్దు లోపల ఉన్నది. వెనక ఎడమ 11 మీటర్లకు 1.5 వేసినా 0.29, అంచుమీద సరిపోతది. ముందరి రెండూ, సెంటరూ దగ్గరే గనుక 1.5 దండిగ సరిపోతది. 5 మీటర్లకు 0.13 ఓమే.

"ఒక డెసిబెల్ తగ్గితే తగ్గనీ, వాల్యూమ్ పెంచుకుంట" అనొచ్చు. సౌండ్ తగ్గుడు ఒక్కటే అయితే నిజంగనే బాధ లేదు, ఏవీఆర్ మైకు పెట్టి ఆటో కాలిబ్రేషన్ చేస్తే ఆ తేడా అదే సరిచేసుకుంటది. అసలు నష్టం వేరే ఉన్నది. 6 ఓముల స్పీకరు అన్ని ఫ్రీక్వెన్సీలకూ 6 ఓములు ఉండదు. ఒక తాన 4.8కి దిగుతది, ఇంకో తాన 20కి ఎక్కుతది. వైరు సన్నగుంటే ఓములు దిగిన తాన ఎక్కువ మింగుతది, ఎక్కిన తాన తక్కువ మింగుతది. నీ 0.9 ఓముతోని ఈ రెండు తావులకు మధ్య 1 డెసిబెల్ పైన తేడా పడతది, అంటే స్పీకర్ స్వరమే మారుతది. 2.5 వేస్తే ఆ తేడా డెసిబెల్‌ల మూడో వంతు. అది చెవికి దొరకదు.

ఆక్సిజన్ ఫ్రీ ముచ్చట: మామూలు కరెంటు వైరుల రాగి కూడా 99.9 శాతం శుద్ధమైనదే. ఆక్సిజన్ ఫ్రీ రాగి కరెంటును ఇంకో శాతం మంచిగ మోస్తదేమో, అంతే. 1.5 బదులు 2.5 వేస్తే 66 శాతం ఎక్కువ రాగి వస్తది. పైసలు పెట్టేదుంటే అక్కడ పెట్టు.

ఎడమ, కుడి సమానంగ అక్కరలేదు. 5 మీటర్ల తేడాకు వచ్చే ఆలస్యం సెకనుల కోట్ల వంతులల్ల ఉంటది. స్పీకరును ఒక సెంటీమీటరు జరిపితే అంతకన్న వెయ్యి రెట్లు ఎక్కువ తేడా వస్తది.

జడ్చర్ల_వైరింగ్

వైరు గురించి అన్న చెప్పిన లెక్క కరెక్టే. గని స్లాబ్ వచ్చే వారం అంటున్నరు, ఈ వారం మీరు కొనాల్సింది వైరు కాదు, పైపు. వైరు ప్లాస్టరింగ్ అయినంక గుంజుతరు, అంటే ఇంకా నెలలున్నయి. పైపు మంచిగ పడితే రేపు 1.5 గుంజి ఎల్లుండి 2.5కు మార్చుకోవచ్చు. పైపు సన్నగ పడితేనో, అండ్ల సిమెంటు పాలు దిగితేనో ఎంత మంచి వైరు కొన్నా లోపలికి పోదు.

పైపు 25 ఎంఎం వేయించుండ్రి, ఐఎస్ఐ ముద్రతోని, మీడియం గాని హెవీ గాని. లైట్ రకం వద్దు, కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద, వైబ్రేటర్ సూది తగిలి నలుగుతది. 20 ఎంఎంల రెండున్నర ట్విన్ ఫ్లాట్ ఒకటి పడతది గని వంపుల తాన ఇరుక్కుంటది. కింది జాలి కట్టినంక, పై సలాకలు పడకముందు పైపు వేసి, మీటరుకో తాన బైండింగ్ వైరుతోని సలాకకు కట్టాలె. కట్టకపోతే కాంక్రీటుల పైకి తేలుతది.

మలుపుల తాన ఎల్బో పెట్టొద్దు. లోపల స్ప్రింగ్ పెట్టి పైపునే మెల్లగ వంచాలె, లేకుంటే పొడుగు బెండు వాడాలె. ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సు దాకా 90 డిగ్రీల మలుపులు రెండు దాటొద్దు. మీ వెనక కుడి దారికి గోడ ఎక్కేతాన ఒకటి, దిగేతాన ఒకటి, నడుమ గది మూలకు ఇంకొకటి పడేటట్టున్నది. ఆ మూడోదాని తాన సీలింగ్‌ల డీప్ బాక్సు ఒకటి పెట్టి దారిని రెండు ముక్కలు చెయ్యుండ్రి. ఫాల్స్ సీలింగ్ వస్తే బాక్సు కనిపించదు. రాకపోతే మూత మీద సున్నం.

జాయింట్లన్నిటికీ సొల్యూషన్ పూయాలె, ఊరికే తోస్తే పాలు దిగుతయి. బాక్సులల్ల థర్మాకోలు గాని పేపరు గాని గట్టిగ కుక్కి పైన టేపు వేయాలె. పైపుల ముందే నైలాన్ తాడు వేసి ఉంచుండ్రి. బైండింగ్ వైరు వేస్తే క్యూరింగ్ నీళ్లకు తుప్పు పట్టి, గుంజేనాటికి తెగుతది. ఆ క్యూరింగ్ నీళ్లు పైపులల్ల నిలుస్తయి గూడా. వైరు గుంజేముందు తాడుకు గుడ్డ కట్టి రెండుసార్లు ఇటుకెళ్లి అటు లాగుండ్రి.

కరెంటు పైపుల స్పీకర్ వైరు వద్దే వద్దు. "హమ్" (గుయ్యిమనే చప్పుడు) వస్తదని కొందరు భయపెడతరు, స్పీకర్ వైరుకు ఆ భయం పెద్దగ లేదు. భయం వేరే: గుంజేటప్పుడు ఇన్సులేషన్ ఎక్కడన్న గీసుకపోతే 230 వోల్టులు సీదా స్పీకర్ టెర్మినల్ మీదికొస్తయి. మీ పిలగాడు స్పీకరు జరిపే చెయ్యి అక్కడనే ఉంటది. వేరే పైపు, వేరే బాక్సు.

హమ్ పట్టేది సబ్ వైరు. దానికి పోయేది స్పీకర్ వైరు కాదు, ఏవీఆర్ సబ్ అవుట్ నుంచి పోయే ఆర్‌సీఏ కేబులు, షీల్డ్ (చుట్టూ లోహపు అల్లిక) ఉన్నది కావాలె. ఆ పైపు మాత్రం కరెంటు పైపుకు ఒక ఫీటు ఎడంగ పోవాలె. దాటాల్సి వస్తే ప్లస్ గుర్తులెక్క అడ్డంగ దాటాలె, పక్కపక్కన పొడుగూత పోవద్దు. సబ్ దగ్గర కరెంటు ప్లగ్గు పాయింటు కూడా ఇప్పుడే రాయించుకోండి. చాలా ఇండ్లల్ల మరిచిపోయేది అదే.

ఇంకోటి, ఏవీఆర్ నుంచి టీవీకి రెండు మీటర్లే గదా అని ఊకోకుండ్రి. గోడల 40 ఎంఎం పైపు ముక్క వేయించుండ్రి. హెచ్‌డీఎంఐ ప్లగ్గు తలకాయ 25 ఎంఎం పైపు మలుపుల తిరగదు.

మిర్యాలగూడ_హాలు

చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. పైపులు 25 రాయించిన, సబ్‌కు పాయింటు కూడా. ఆన్‌లైన్ కట్ట సంగతి ఎవ్వరూ చెప్పలే. "14 గేజ్, సీసీఏ, 100 మీటర్లు" అని ఉన్నది. 14 గేజ్ అంటే 2.5 ఎంఎం అని షాపాయన అన్నడు.

గుజరాతీ_గల్లీ

సీసీఏ అంటే లోపల అల్యూమినియం, పైన పల్చటి రాగి పూత. రాగి మోసే కరెంటుల 60 నుంచి 65 శాతమే మోస్తది. అంటే 2.5 సీసీఏ కొంటే చేతికొచ్చేది 1.5 రాగి. సగం రేటు అనుకుంటున్నరు, అందుల వచ్చేది కూడా అంతే. పైగ స్క్రూ కింద అల్యూమినియం మెల్లగ నలిగి లూజ్ అయితది, రెండుమూడు సార్లు వంచితే పోగులు తెగుతయి, సోల్డర్ కూడా సరిగ పట్టదు. స్లాబ్ పైపుల వేసే వైరుకు అది వద్దు. లారీ ఆటో స్పీకర్లకు వాడుకోనియ్యండి.

గేజ్ అనే మాటనే వదిలేయండి. అమెరికా గేజ్ వేరు, మన దగ్గర పాతకాలం నుంచి నడిచే ఎస్‌డబ్ల్యూజీ వేరు. 14 గేజ్ అమెరికా లెక్కల 2.08 స్క్వేర్, ఎస్‌డబ్ల్యూజీ లెక్కల 3.24. 16 గేజ్ అక్కడ 1.31, ఇక్కడ 2.08. అమ్మేటాయన ఏది చెప్తున్నడో ఆయనకే తెల్వదు. షాపుల "ఎన్ని స్క్వేర్ ఎంఎం, రాగేనా, పోగులెన్ని" అని మూడు ముక్కలు అడగండి. మంచి హౌస్ వైరుల 1.5 అంటే 0.3 ఎంఎం పోగులు 22, 2.5 అంటే 36. ఒక అంగుళం ఇన్సులేషన్ తీసి లెక్కపెడితే రెండు నిమిషాల పని. కొన్ని కంపెనీలు సన్న పోగులు ఎక్కువేస్తయి, అప్పుడు పోగు మందం కూడా అడగాలె.

కోఠి గుజరాతీ గల్లీల గాని ట్రూప్ బజార్‌ల గాని కొనేటప్పుడు రాగి అవునో కాదో తేల్చుకునే పద్ధతులు:

ఒక పోగును బ్లేడుతోని గీకండి. లోపల తెల్లగ కనిపిస్తే సీసీఏ. ఇక్కడ ఒక మెలిక ఉన్నది: కొన్ని వైర్ల రాగి మీద తగరం పూత ఉంటది, అవి బయట తెల్లగ, లోపల ఎర్రగ ఉంటయి. అవి మంచివే. లోపలి రంగు చూడాలె, బయటిది కాదు.

సన్నపోగును లైటర్ మంటల పెట్టండి. రాగి ఎర్రగ కాలి నల్లబడతది, తీగలెక్క నిలబడతది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతది, పోగు కొస వంగి రాలిపోతది. (షాపుల కట్టల నడుమ చెయ్యకండి, బయటికొచ్చి చెయ్యండి.)

పూర్తి కట్ట కొంటే తూకం ఉన్నది. 90 మీటర్ల 1.5 సింగిల్ కట్టల రాగి ఒక్కటే 1.2 కిలోలు. 2.5 కట్టల 2 కిలోలు. పైన పీవీసీ బరువు వేరే. ప్లాస్టిక్‌తో కలిపినా కట్ట అంత తూగకపోతే ఇంకేం చూడనక్కరలేదు.

పాలమూరు_ఓమ్‌మీటర్

గల్లీ భాయ్ చెప్పినదానికి మీటరు పద్ధతి కలుపుత. సాదా మల్టీమీటరు 0.1 ఓము కన్న సన్నగ చూపదు, అందుకే మీటరు, రెండు మీటర్ల ముక్కను కొలిచి ఏం తెల్వదు. పూర్తి కట్ట రెండు కొసలు పట్టుకోవాలె. 200 ఓముల రేంజ్‌ల ముందు రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తదో రాసుకోవాలె (0.2, 0.3 ఉంటది), కట్ట కొలతల నుంచి అది తీసెయ్యాలె. 90 మీటర్ల 1.5 రాగికి 1.2 ఓములు రావాలె, 2.5కు 0.7. సీసీఏ అయితే 1.9, 1.15 చుట్టుముట్టు వస్తది. ఇవి 20 డిగ్రీల లెక్కలు. రాగి ఓములు వేడికి పెరుగుతయి, మన నల్లగొండ ఎండల 40 డిగ్రీల షాపుల కొలిస్తే 8 శాతం ఎక్కువ చూపిస్తది. 1.3 వచ్చిందని షాపాయనతోని కొట్లాడకండి.

సూర్యాపేట_స్టీరియో

అందరూ 2.5, 2.5 అంటున్నరు. ఇది వెనక సరౌండ్ స్పీకరు, మొత్తం పాటను మోసేది కాదు. ఏవీఆర్‌ల స్పీకర్‌ను "స్మాల్" అని పెట్టి 80 హెర్ట్జ్‌ల కట్ చేస్తే బాస్ అంతా సబ్‌కు పోతది. అప్పుడు ఆ వైరుల పోయే కరెంటు ఎంత? 1.5 వేస్తే 0.43 ఓము, 7 శాతం. 5 శాతం అనేది ఎవరో గీసిన గీత, దాటితే స్పీకర్ కాలిపోదు. నేనయితే 1.5 చాలంట.

పాలమూరు_ఓమ్‌మీటర్

స్టీరియో భాయ్, కాలిపోదన్నది నిజమే. 1.5కు వచ్చే తేడా డెసిబెల్‌ల సగం, సరౌండ్‌ల అది వినిపించేదీ కష్టమే. గని కరెంటు తక్కువైతే వైరు వేడెక్కుడు తగ్గుతది, ఓముల నిష్పత్తి మారదు. తక్కువ సౌండ్‌లనూ ఎక్కువ సౌండ్‌లనూ అదే 7 శాతం. బాస్ కట్ చేసినా 80 పైన స్పీకర్ ఓములు ఎక్కుతూ దిగుతూనే ఉంటయి. 16 మీటర్ల ఒక్క దారికి 1.5, 2.5 నడుమ రేటు తేడా ఎంత? స్లాబ్ ఖర్చుల అది లెక్కల్నే రాదు. రేపు స్పీకరు 4 ఓములది మారిస్తే హద్దు 0.2కి పడిపోతది, అప్పుడు 2.5 కూడా దాటుతది. అద్దె ఇంట్ల గోడమీద క్లిప్పులు కొట్టుకునే వాళ్లకయితే నేను కూడా 1.5 అనే అంట.

సూర్యాపేట_స్టీరియో

4 ఓముల పాయింటు ఒప్పుకుంట. మిగతాదానికి 1.5ఏ.

మిర్యాలగూడ_హాలు

ఇంకో డౌటన్నా. వెనక రెండు స్పీకర్లకు రెండు ప్లస్‌లు వేసి మైనస్ ఒక్కటే కామన్ వేస్తే ఒక వైరు మిగులుతదని ఎలక్ట్రిషన్ అంటుండు. లైట్లకు న్యూట్రల్ ఒక్కటే వేస్తరు గదా, గట్లనే అంట.

వనపర్తి_సౌండ్

వద్దు, ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఈ చర్చ మొత్తం చదివినా, ఈ ఒక్క సలహా పాటిస్తే మీ ఏవీఆర్ పోయేది.

పాతకాలం ఆంపుల్లో స్పీకర్ మైనస్ టెర్మినల్ లోపల గ్రౌండ్‌కు కలిసి ఉండేది, అందుకే కామన్ వేసినా చాలాసార్లు నడిచేది. ఇప్పటి క్లాస్ డి ఆంపుల్లో చాలావాటిలో మైనస్ గ్రౌండ్ కాదు. అక్కడ కూడా సిగ్నలే ఉంటుంది, ప్లస్‌కు తలకిందులుగా. దీన్ని బ్రిడ్జ్ అవుట్‌పుట్ అంటారు. బజార్లో దొరికే టీపీఏ3116 బోర్డులన్నీ ఇట్లాంటివే. రెండు ఛానెళ్ల మైనస్‌లు కలిపితే ఒక ఛానెల్ అవుట్‌పుట్‌ను ఇంకో ఛానెల్ అవుట్‌పుట్ మీద షార్ట్ చేసినట్టే. అదృష్టం బాగుంటే ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగుతుంది, లేకపోతే ఐసీ పోతుంది. మైనస్‌ను ఎర్తింగ్‌కు కలిపినా ఇదే గతి. కామన్ వైరు నడిచే ఆంప్‌లో కూడా ఆ ఒక్క వైరు ఓముల మీదుగా కుడి సౌండ్ కొంత ఎడమ స్పీకర్‌లో వినిపిస్తుంది. ప్రతి స్పీకరుకూ దాని జత దానికే వేయండి.

రెండోది, ఆయన హౌస్ వైరు ఎరుపు, నలుపు తెచ్చి గుంజుతానంటే ఒప్పుకోకండి. కరెంటు మోసే పనికి ఆ వైరుకేం లోటు లేదు, కానీ ఎరుపు అంటే ఫేజ్, నలుపు అంటే న్యూట్రల్ అని అందరికీ చేతికి అలవాటు. నాలుగేళ్ల తర్వాత ఇంకో ఎలక్ట్రిషన్ వచ్చి ఆ బాక్సు తెరిచి, ఖాళీ పాయింటు అనుకుని సప్లై ఇస్తే? ట్రాన్స్‌పరెంట్ ట్విన్ ఫ్లాట్ స్పీకర్ వైరు తీసుకోండి, చూడగానే వేరని తెలుస్తుంది. హౌస్ వైరే వాడాలనుకుంటే తెలుపు, బూడిద రంగు లాంటివి తీసుకుని, ప్రతి బాక్సులో "స్పీకర్" అని టేపు మీద రాసి అంటించండి. రెండు వైర్లనూ మెలివేసి గుంజండి.

కొసల దగ్గర పని ఇట్లా: ఇన్సులేషన్ 10, 12 ఎంఎం మాత్రమే తీయండి, పోగులు తెగకుండా. గట్టిగా మెలి తిప్పి 4 ఎంఎం బనానా ప్లగ్ (టెర్మినల్‌లో దూర్చే పిన్ను) గానీ ఫెర్రుల్ (పోగులు కలిపి నొక్కే చిన్న గొట్టం) గానీ వేయండి. ఏవీఆర్ వెనక టెర్మినల్స్ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక్క పోగు బయటికి వచ్చి పక్క టెర్మినల్‌ను తాకితే ఆన్ చేసిన మరుక్షణం ప్రొటెక్ట్ అని చూపించి ఆగుతుంది. సోల్డర్ పూసిన కొసను స్క్రూ కింద బిగించకండి. సోల్డర్ మెత్తన, ఒత్తిడికి నెమ్మదిగా జరిగి స్క్రూ లూజ్ అవుతుంది.

ఒక స్పీకరుకు పోలారిటీ (ప్లస్, మైనస్) మార్చి కలిపితే ఏదీ కాలదు, కానీ బాస్ పలచబడుతుంది, మాట టీవీ నడుమ నుంచి కాకుండా ఎక్కడినుంచో వస్తున్నట్టుంటుంది. ట్విన్ ఫ్లాట్ వైరులో ఒక పక్క ఎర్ర గీతో, గరుకు అంచో, రాతో ఉంటుంది. గీత ఉన్నది ప్లస్ అని ముందే అనుకుని అన్నిచోట్లా అదే పాటించండి. వైర్లు కలిసిపోతే, ఏవీఆర్ వైపు కొసలు విప్పేసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ క్షణంపాటు తాకించండి. సెల్ ప్లస్ తాకిన వైరు స్పీకర్ ప్లస్‌కు పోతే వూఫర్ కోన్ బయటికి కదులుతుంది, లోపలికి పోతే తిరగబడ్డట్టు. విడిగా ఉన్న ట్వీటర్ మీద ఈ పరీక్ష చేయకండి.

మిర్యాలగూడ_హాలు

అక్కా, కామన్ మైనస్ క్యాన్సిల్. ఎలక్ట్రిషన్‌కు ఇదే చదివి వినిపించిన.

దేవరకొండ_టిఫిన్స్

నడుమల అడుగుతున్న, ఏమనుకోకండి. మా హోటల్‌ల 6 సీలింగ్ స్పీకర్లు పెట్టాలె, అన్నీ 8 ఓములవి. ఆంప్ నుంచి చివరి స్పీకరుకు 60 మీటర్లు. ఈ లెక్కల 6 స్క్వేర్ వైరు వెయ్యాల్నా?

వనపర్తి_సౌండ్

మీకు ఈ లెక్క పనికిరాదు. 8 ఓములవి ఆరూ ప్యారలల్ కలిపితే 1.33 ఓము అవుతుంది, మామూలు ఆంప్ తట్టుకోదు. మీరు 100 వోల్ట్ లైన్‌కు పోండి. గుళ్లలో, ఫంక్షన్ హాళ్లలో కనిపించే అహుజా లాంటి పీఏ ఆంపులకు వెనక 100 వి అని టెర్మినల్ ఉంటుంది. ప్రతి స్పీకరుకూ చిన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, దాన్ని 10 వాట్ ట్యాప్‌లో (దాని మీది 10 వాట్ల పాయింటు) పెడితే ఆరూ కలిపి 60 వాట్లు. మొత్తం లోడ్ 167 ఓములు. ఇప్పుడు 0.75 వైరు వేసినా 60 మీటర్లకు రానుపోను 3.1 ఓములు, 2 శాతం కూడా లేదు. మీ దగ్గర ఉన్న 8 ఓముల స్పీకర్లను ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఆ 100 వి టెర్మినల్‌కు కలపకండి, కాయిల్ పోతుంది. లైన్‌లో ఉండేది 100 వోల్టుల దాకా, కాబట్టి జాయింట్లు బయటికి కనిపించకుండా టేపు చేయించండి. ఇంకా వివరాలు కావాలంటే వేరే ప్రశ్న పెట్టండి, ఇక్కడ ఇంటి సంగతితో కలగాపులగమవుతుంది.

మిర్యాలగూడ_హాలు

నా లిస్టు చూసి చెప్పుండ్రి. 2.5 ట్విన్ ఫ్లాట్ రాగిది వెనక రెండింటికి 27 మీటర్లు. 1.5 ట్విన్ ఫ్లాట్ ముందరి మూడింటికి 11 మీటర్లు. షీల్డ్ ఆర్‌సీఏ 6 మీటర్లు. బనానా ప్లగ్గులు 20.

జడ్చర్ల_వైరింగ్

పైపు పొడుగే కొంటున్నరు. ప్రతి దారికి రెండు కొసలల్ల మీటరు మీటరు బయటికి ఉండాలె: ఏవీఆర్‌ను అల్మారాల నుంచి ముందుకు గుంజి వెనక చెయ్యి పెట్టేటందుకు ఒకటి, స్పీకరును కొంచెం జరిపేటందుకు ఒకటి. అంటే 2.5ది 31 మీటర్లు, 1.5ది 17. ఆర్‌సీఏ 6 అడిగితే పొట్టిగైతది, 8 గాని 10 గాని రెడీమేడ్ తీసుకోండి. ప్లగ్గు తల సన్నగ ఉన్నది చూడండి, 25 పైపుల ఒక్కటే గుంజితే పడతది. ప్లగ్గులు 20 సరిపోతయి, అయిదు స్పీకర్లకు రెండు కొసలల్ల రెండేసి. స్పీకర్ వెనక స్ప్రింగ్ క్లిప్పులున్నయేమో ముందే చూడండి, ఉంటే బనానా పట్టదు, ఫెర్రులే వెయ్యాలె.

2.5 వైరు మధ్యల అతుకు లేకుండ 13 మీటర్లదొకటి, 18 మీటర్లదొకటి కోసి తీసుకోండి. షాపుల మీటర్లు కొలిచేటప్పుడు పక్కన నిలబడండి, కట్ట చివరి ముక్కలు రెండు కలిపి ఇస్తరు. గుంజేముందు ప్రతి ముక్క రెండు కొసలకూ టేపు మీద "వెనక ఎడమ", "వెనక కుడి" అని రాసి అంటించండి. గుంజినంక స్పీకర్ కొసల రెండు వైర్లు కలిపి ఇటు మీటరు బజర్ పెడితే మోగాలె, విడదీస్తే ఆగాలె. విడదీసినా మోగితే లోపల ఇన్సులేషన్ గీసుకపోయింది, ఏవీఆర్‌కు కలపకముందే వైరు మార్చాలె. స్లాబ్ పోసేనాడు మాత్రం మీరు పైన ఉండుండ్రి. బాక్సులల్ల పేపరు కుక్కిన్రా లేదా, పైపు ఏడన్న విరిగిందా అని కాంక్రీటు పడకముందు ఒకసారి చూడాలె, ఫోటోలు తీసుకోవాలె. రేపు ఫాల్స్ సీలింగ్ వాళ్లు డ్రిల్లు పెట్టేటప్పుడు పైపు ఏడున్నదో ఆ ఫోటోల చూసే చెప్పాల్సి వస్తది.